సత్యం లెటర్, మా నాన్న చిట్టా, నా ఎమ్మెస్ అప్లికేషన్

ఈ మధ్య మీలో చాలామంది ఒకటే అడుగుతున్నారు. "అన్నా, బీకామ్ అయిపోయింది. అకౌంటింగ్‌లో మాస్టర్స్‌కి అప్లై చేద్దామనుకుంటున్నాం. ఏం చూసుకోవాలి?" అని.

నాది హిస్టరీ ఛానెల్. అడ్మిషన్ల గురించి చెప్పే ఛానెళ్లు వేరే బోలెడున్నాయి. కానీ ఈ ప్రశ్నకి హిస్టరీలోనే ఒక జవాబుంది. అది జరిగింది ఎక్కడో కాదు, మన మాదాపూర్‌లో. ఆ రోజు నేను కూడా మాదాపూర్‌లోనే ఉన్నాను, అదే అప్లికేషన్ ఫైలు చంకలో పెట్టుకుని. అందుకే ఈ ఎపిసోడ్‌లో రెండు కథలు కలిపి చెబుతాను. ఒకటి దేశం మొత్తానికి తెలిసిన కథ, రెండోది మా ఇంట్లో కథ.

2009 జనవరి 7, బుధవారం. నేను మిర్యాలగూడలో బీకామ్ పూర్తి చేసి ఎస్సార్ నగర్‌లో ఒక హాస్టల్లో ఉంటున్నాను. అమెరికాలో మాస్టర్స్ ఇన్ అకౌంటింగ్ చేయాలని పిచ్చి. మన మూడేళ్ల డిగ్రీని ఒప్పుకునే యూనివర్సిటీలు ఏవో వెతికి, రెండు మూడు పట్టుకున్నాను. ఆ రోజు మా పెద్దమ్మ కొడుకు రూముకి వెళ్లాను. ఆయన మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసేవాడు. నా ఎస్‌ఓపీ, అదే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, ఒకసారి చదివి ఇంగ్లీషు దిద్దుతానన్నాడు.

మధ్యాహ్నం టీ తాగుదామని కిందికి దిగితే, టీ కొట్టు ముందు జనం. మెడలో ఐడీ కార్డులున్నవాళ్లంతా చిన్న టీవీ వైపు చూస్తున్నారు. ఎవరూ మాట్లాడటం లేదు. స్క్రీన్ కింద స్క్రోలింగ్‌లో సత్యం కంప్యూటర్స్ పేరు తిరుగుతోంది. కంపెనీ చైర్మన్ రామలింగరాజు రాజీనామా చేశారు. రాజీనామా లేఖలోనే, ఖాతాల్లో ఉందని చూపించిన డబ్బు నిజానికి లేదని రాశారు.

ఆ సాయంత్రానికి బాంబే స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో సత్యం షేరు 178 రూపాయల 95 పైసల నుంచి 39 రూపాయల 95 పైసలకి పడిపోయింది. ఒక్క రోజులో.

ఇప్పుడున్న పిల్లలకి సత్యం అంటే ఏంటో చెప్పాలి. 1987లో మొదలైన కంపెనీ. 1998 నవంబర్ 22న వాజ్‌పేయి గారు సైబర్ టవర్స్ ప్రారంభించారు కదా, ఆ తర్వాత ఈ రాళ్లగుట్టల ఊరు హైటెక్ సిటీ అయింది. ఆ హైటెక్ సిటీకి మన వాళ్లు చూపించుకునే సొంత కంపెనీ సత్యం. యాభై వేలకి పైగా ఉద్యోగులు. "మా అబ్బాయి సత్యంలో" అంటే పెళ్లి సంబంధాల్లో ఇంకో మాట అవసరం ఉండేది కాదు. 2008 సెప్టెంబర్‌లో, అంటే ఈ లేఖకి నాలుగు నెలల ముందు, కార్పొరేట్ గవర్నెన్స్ బాగున్నందుకు గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా ఇచ్చారు ఆ కంపెనీకి. తర్వాత వెనక్కి తీసుకున్నారు, అది వేరే సంగతి.

ఇంకో విషయం గమనించండి. రామలింగరాజు గారు ఇంజనీర్ కాదు. విజయవాడ ఆంధ్రా లయోలా కాలేజీలో బీకామ్, అమెరికాలో ఒహాయో యూనివర్సిటీలో ఎంబీఏ. అంటే ఒకప్పుడు ఆయన కూడా మనలాగే ఒక కామర్స్ కుర్రాడు. మనలాగే ఒక కవరులో మార్కుల మెమోలు పెట్టి సముద్రం అవతలికి అప్లికేషన్ పంపినవాడు.

సరే, లేఖలో ఏముంది? అంకెలు చూద్దాం. భయపడకండి, నాలుగే అంకెలు.

2008 సెప్టెంబర్ 30 నాటి బ్యాలెన్స్ షీట్‌లో నగదు, బ్యాంకు నిల్వలు కలిపి 5,361 కోట్లు ఉన్నాయని చూపించారు. అందులో 5,040 కోట్లు లేవు. మీ పాస్‌బుక్‌లో 100 రూపాయలు ఉన్నాయని రాసి ఉంది, బ్యాంకుకి వెళ్తే 6 రూపాయలున్నాయి. అదీ లెక్క.

రెండోది, ఆ లేని డబ్బు మీద వడ్డీ. 376 కోట్ల వడ్డీ వచ్చినట్టు రాసుకున్నారు. పెట్టని మొక్కకి కాయలు కాసినట్టు. మూడోది, 1,230 కోట్ల అప్పు పుస్తకాల్లో చూపించలేదు. నాలుగోది, రావాల్సిన బాకీలు 490 కోట్లు ఎక్కువ చేసి చూపించారు. నాలుగూ కలిపితే 7,136 కోట్లు.

మరి ఇంత పెద్ద గొయ్యి ఒక్క రోజులో పడిందా? లేదు. లేఖ ప్రకారం, మొదట్లో అసలు లాభానికి, చూపించిన లాభానికి కొంచెమే తేడా. ఏడాది తిరిగేసరికి ఆ తేడా పెరిగింది. పోయిన క్వార్టర్ కన్నా ఈ క్వార్టర్ తక్కువ చూపించలేరు కదా, మార్కెట్ ఒప్పుకోదు. ఆ సెప్టెంబర్ క్వార్టర్‌లో చూపించిన మార్జిన్ 649 కోట్లు. అసలు వచ్చింది 61 కోట్లు. పులి మీద స్వారీ చేస్తున్నట్టుంది, దిగితే అది తినేస్తుంది అనే అర్థంలో ఆయనే రాసుకున్నారు.

దిగడానికి చివరిగా చేసిన ప్రయత్నం మైటాస్. ఆ పేరు ఇంగ్లీషులో వెనక నుంచి చదివితే సత్యం వస్తుంది. కుటుంబానికి చెందిన రెండు మైటాస్ కంపెనీలని 160 కోట్ల డాలర్లకి సత్యం కొంటుందని 2008 డిసెంబర్ 16న ప్రకటించారు. ఇన్వెస్టర్లు గోల చేశారు. గంటల్లోనే వెనక్కి తీసుకున్నారు. లేని ఆస్తి స్థానంలో ఉన్న ఆస్తి పెట్టేయాలన్నది ఆలోచన. అది కుదరలేదు. మూడు వారాలకి లేఖ బయటికొచ్చింది.

ఇక్కడ అకౌంటింగ్ చదవాలనుకునేవాళ్లు అడగాల్సిన అసలు ప్రశ్న ఒకటుంది. బ్యాంకులో డబ్బుందో లేదో తెలుసుకోవడం అంత కష్టమా? స్టాకు విలువ కట్టడం కష్టం. భూమి విలువ కట్టడం కష్టం. బ్యాంకులో ఎంతుందో బ్యాంకుని అడిగితే చెబుతుంది కదా?

అవును. అడిగితే చెబుతుంది. ఆడిట్ పాఠాల్లో మొదట్లోనే నేర్పేది ఇదే. ఆడిటర్ తనే బ్యాంకుకి ఉత్తరం రాయాలి. ఆ ఉత్తరం కంపెనీ చేతికి వెళ్లకుండా నేరుగా బ్యాంకుకి చేరాలి. బ్యాంకు జవాబు కూడా కంపెనీ చేతి మీదుగా కాకుండా నేరుగా ఆడిటర్‌కి రావాలి. దీన్ని బ్యాంక్ కన్ఫర్మేషన్ అంటారు.

సత్యం కేసులో ఏం జరిగింది? 2011 ఏప్రిల్‌లో అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ తన ఆర్డర్‌లో చెప్పింది. ఆ ఉత్తరాలు పంపడం, జవాబులు తెచ్చుకోవడం రెండూ ఆడిటర్లు కంపెనీ వాళ్లకే వదిలేశారని. ఆడిట్ చేసిన ప్రైస్ వాటర్‌హౌస్ సంస్థలు ఆరోపణల్ని ఒప్పుకోకుండా, కాదనకుండా, అమెరికా రెగ్యులేటర్లకి 75 లక్షల డాలర్లు కట్టి ఆ కేసు ముగించుకున్నాయి. ఇక్కడ సీబీఐ దర్యాప్తులో 7,561 దొంగ ఇన్‌వాయిస్‌లు బయటపడ్డాయి. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్‌లో ప్రత్యేక కోర్టు రామలింగరాజుతో సహా 10 మందిని దోషులుగా తేల్చింది, 7 ఏళ్ల శిక్ష వేసింది. ఆ పదిమందిలో ఇద్దరు మాజీ ఆడిటర్లు. తర్వాతి నెలలోనే అప్పీలు మీద శిక్ష నిలిపివేసి బెయిల్ ఇచ్చారు.

కంపెనీ ఏమైంది? ప్రభుత్వం కొత్త బోర్డుని వేసింది. 2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా వేలంలో గెలిచింది. 2013లో అందులో కలిసిపోయింది. ఉద్యోగాలు చాలావరకు నిలబడ్డాయి. అదే ఏడాది కొత్త కంపెనీల చట్టం వచ్చింది. ఒకే ఆడిట్ సంస్థ ఒక లిస్టెడ్ కంపెనీలో వరుసగా పదేళ్లకి మించి ఉండకూడదని రూల్ పెట్టారు. 2018లో ఆడిటర్లని చూసుకోవడానికే నేషనల్ ఫైనాన్షియల్ రిపోర్టింగ్ అథారిటీ పెట్టారు. మీరు ఎంకామ్‌లో ఆడిటింగ్ పేపర్ చదివితే అందులో సగం కొత్త పాఠాల వెనక ఈ మాదాపూర్ కథ ఉంటుంది.

ఇప్పుడు మా ఇంటి కథ.

ఆ రోజు నా చంకలో ఉన్న ఫైలు గుర్తుందా? అందులో డిగ్రీ మెమోలు, రికమెండేషన్ లెటర్లు, ఎస్‌ఓపీ ఉన్నాయి. ఒక్క కాగితం మాత్రం ఇంకా రాలేదు. బ్యాంక్ బ్యాలెన్స్ సర్టిఫికెట్. అమెరికా యూనివర్సిటీ ఐ-20 ఇవ్వాలంటే, మొదటి ఏడాది ఫీజుకి, తిండికి, రూముకి సరిపడా డబ్బు ఎక్కడినుంచి వస్తుందో చూపించాలి. నాకు కావాల్సింది దాదాపు 15 లక్షలు.

మా నాన్న మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో గుమాస్తా. లెక్కలు రాయడమే పని. పొద్దున చిట్టా, సాయంత్రం ఆవర్జా. ఎర్ర బట్ట అట్ట వేసిన పొడుగాటి పుస్తకాలు. ఎడమవైపు జమ, కుడివైపు ఖర్చు, రాత్రి ఇంటికి వచ్చేముందు నిల్వ తేలాలి. రూపాయి తేడా వచ్చినా భోజనం చల్లారిపోయేది. ఆయన ఖాతాలో 15 లక్షలు ఎప్పుడూ లేవు.

అమీర్‌పేటలో నేను వెళ్లిన కన్సల్టెన్సీ, పేరు చెప్పను, దానికి పరిష్కారం సిద్ధంగా పెట్టుకుంది. వాళ్ల భాషలో దాని పేరు "ఫండ్ షో". వాళ్లకి తెలిసిన ఫైనాన్సర్ మా నాన్న ఖాతాలో 15 లక్షలు వేస్తాడు. బ్యాంకు సర్టిఫికెట్ ఇస్తుంది. నెలకి డబ్బు వెనక్కి వెళ్లిపోతుంది. కమిషన్ 20 వేలు. పైగా ఆస్తుల విలువ మీద ఒక సీఏ సర్టిఫికెట్ కూడా వాళ్లే తెప్పిస్తారు. "అకౌంట్స్‌లో ఏడాది ఎక్స్‌పీరియన్స్ లెటర్ కూడా కావాలా తమ్ముడూ, ఇంకో ఐదు వేలు" అన్నాడు కౌంటర్‌లో ఉన్నతను. పెళ్లికి సన్నాయి మేళం కూడా కావాలా అని అడిగినంత మామూలుగా.

నాకు అది తప్పనిపించలేదు. నిజం చెబుతున్నాను. అందరూ చేస్తున్నారు. హాస్టల్లో నా రూమ్మేట్ అలాగే వెళ్లాడు. ఇప్పుడు డల్లాస్‌లో ఇల్లు కొనుక్కుని బాగానే ఉన్నాడు. ఈ కథలో తప్పు చేసినవాడికి శిక్ష పడుతుందని నేను చెప్పను. చాలాసార్లు పడదు.

కానీ ఆ రోజు టీ కొట్టు దగ్గర ఆ టీవీ చూశాక, రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. సత్యం సంగతి చెప్పాను. ఆయన అప్పటికే మిల్లులో విన్నారు. మా మాటలు ఇప్పటికీ గుర్తున్నాయి.

"ఐదు వేల కోట్లు లేకుండానే ఉన్నట్టు రాశారంటగా రా?"

"అవును నాన్నా."

"బ్యాంకు వాళ్లు రాసిచ్చారా?"

"కాదు నాన్నా, దొంగ కాగితాలంట."

కాసేపు ఆగి, "మరి మనకి వచ్చేది బ్యాంకు రాసిచ్చేదేగా?" అన్నారు. ఎగతాళి కాదు. నిజంగానే తేడా ఏంటో తెలుసుకుందామని అడిగారు. నేను చెప్పబోయాను. మనది నిజం సర్టిఫికెట్ నాన్నా, డబ్బు నిజంగానే ఆ రోజు ఖాతాలో ఉంటుంది, అని. సగంలోనే మాట ఆగిపోయింది. ఎందుకంటే ఆ కాగితం చదివేవాడు "ఆ రోజు ఉన్న డబ్బు" అని చదవడు. "ఈ కుర్రాడి చదువుకి ఉన్న డబ్బు" అని చదువుతాడు. కాగితం నిజం. అది చెప్పే మాట అబద్ధం.

నాన్న ఒకే మాట అన్నారు. "రేపు ఆ డబ్బు వెళ్లిపోయాక ఆ పద్దు నేను ఏ పేరు మీద రాయను రా? అప్పా? జమా?" ఆయన జీవితంలో ప్రతి రూపాయికి ఒక పేరుంది. ఈ 15 లక్షలకి పేరు లేదు.

ఇక్కడ కాస్త ఆగి వెనక్కి వెళ్దాం. లెక్క రాసే మనిషిని నమ్మాలా వద్దా అన్న గొడవ సత్యంతో మొదలైంది కాదు.

మన ఊళ్లలో లెక్కలు రాసింది కరణాలు. తెలంగాణలో పట్వారీలు. ఎవరి పొలం ఎంత, ఎవరు ఎంత శిస్తు కట్టాలి, అన్నీ ఆయన పుస్తకంలోనే. ఆ పని కోసం ఎవరూ అప్లికేషన్ పెట్టలేదు. తండ్రి కరణం అయితే కొడుకు కరణం. ఆయన రాసింది ఇంకొకరు సరిచూడటం కష్టం. అందుకే కరణాన్ని నమ్మడం గురించి సుమతీ శతకంలోనే పద్యాలున్నాయి. ఆ వంశపారంపర్య పద్ధతిని 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం రద్దు చేసింది. అంటే మీ అమ్మానాన్నల చిన్నప్పటి దాకా అది నడిచింది.

రెండో దారి, పరీక్ష రాసి లెక్కల మనిషి కావడం, ఊళ్లలో కాదు, నగరాల్లో మొదలైంది. 1913లో బొంబాయిలో సిడెన్‌హామ్ కాలేజీ పెట్టారు, కామర్స్ కోసం. అదే ఏడాది వచ్చిన కంపెనీల చట్టం, ఆడిటర్‌కి అర్హత ఉండాలంది. 1918లో బొంబాయిలోనే గవర్నమెంట్ డిప్లొమా ఇన్ అకౌంటెన్సీ మొదలుపెట్టారు. ఇక్కడ హైదరాబాద్‌లో నిజాం ఉస్మానియా యూనివర్సిటీకి ఫర్మానా ఇచ్చింది అంతకు ఏడాది ముందే, 1917లో. 1949లో చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం వచ్చింది. జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది, అందుకే ఆ రోజు సీఏ డే.

ఈ మధ్యలో ఒక మనిషి కథ చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ఆర్. శివభోగం. మద్రాసు ఆవిడ. అప్పటికి మన కోస్తా, రాయలసీమ కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్నాయి. స్వాతంత్ర్య ఉద్యమంలో ఏడాది జైల్లో ఉన్నారు. బయటికొచ్చి అకౌంటెన్సీ డిప్లొమా పరీక్ష రాసి 1933లో పాసయ్యారు. దేశంలో తొలి మహిళా అకౌంటెంట్. ప్రాక్టీసు కోసం రిజిస్టర్ చేసుకోబోతే, జైలుకి వెళ్లొచ్చినవాళ్లకి రిజిస్ట్రేషన్ లేదని రూల్ అడ్డొచ్చింది. ఆవిడ ఆ మాట దాచిపెట్టి అప్లై చేయలేదు. జైలుకి వెళ్లాననే చెప్పి, ఆ రూల్ మీద కోర్టుకి వెళ్లి గెలిచారు. 1937లో సొంత ప్రాక్టీసు మొదలుపెట్టారు.

నాకు ఈ కథ ఎందుకిష్టమంటే, రూల్ మనకి అడ్డుగా ఉన్నప్పుడు రెండు దారులుంటాయి. కాగితం మార్చడం ఒకటి, రూల్‌తో తలపడటం ఇంకొకటి. ఆవిడ రెండోది చేశారు.

"ఆడిట్" అన్న మాటకి లాటిన్‌లో మూలం "వినడం". పాతకాలంలో లెక్కలు చదివి వినిపించేవాళ్లు, పెద్దాయన కూర్చుని వినేవాడు. మన తెలుగులోనూ "లెక్క అప్పజెప్పడం" అంటాం, పాఠం అప్పజెప్పినట్టే. అంటే లెక్కల మూలంలోనే రెండో మనిషి ఉన్నాడు. ఒకరు చెప్పాలి, సంబంధం లేని ఇంకొకరు వినాలి. సత్యంలో పోయింది ఆ రెండో మనిషే. ఫండ్ షోలో లేనిదీ ఆ రెండో మనిషే.

దీనికి మనవాళ్లు కట్టిన మూల్యం కూడా చిన్నది కాదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీని అధికారులు మూసేశారు. అక్కడ చేరినవాళ్లలో ఎక్కువమంది మన రాష్ట్రం పిల్లలు. కొందరి కాళ్లకి రేడియో ట్యాగులు కట్టిన ఫొటోలు ఇక్కడి పేపర్లలో వచ్చాయి. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ. అది అమెరికా అధికారులే పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ. మొదటి అరెస్టుల్లో 129 మంది భారతీయ విద్యార్థులు. పెట్టింది ప్రభుత్వమే అయినప్పుడు తప్పు ఎవరిదన్న చర్చ ఇంకా ఉంది, ఉండాలి కూడా. కానీ మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది. యూనివర్సిటీ మనల్ని సరిచూసుకున్నట్టే మనం కూడా యూనివర్సిటీని సరిచూసుకోవాలి. క్లాసులున్నాయా? టీచర్లున్నారా? అక్కడ చదివిన సీనియర్ ఒక్కరైనా ఉన్నారా? కన్సల్టెన్సీ చెప్పింది సరిపోదు. సత్యంలో బ్యాంకు ఉత్తరం కంపెనీ చేతి మీదుగా వచ్చినట్టు, మనకి యూనివర్సిటీ సమాచారం ఏజెంటు చేతి మీదుగా రాకూడదు.

మీరు అడిగిన ప్రశ్నకి కూడా జవాబిస్తాను, సూటిగా.

తెలంగాణలో ఎంకామ్ అంటే సీపీగెట్ రాయాలి. ఉస్మానియా నిర్వహిస్తుంది. 90 నిమిషాలు, 100 ప్రశ్నలు. ఫీజు తక్కువ. ఎంబీఏ ఫైనాన్స్ కావాలంటే ఐసెట్. ఆంధ్రాలో ఎంకామ్‌కి వేరే పీజీసెట్ ఉంది. గచ్చిబౌలిలో ఐఎస్‌బీ 2001 నుంచి ఉంది, కానీ అది పని అనుభవం ఉన్నవాళ్ల దారి, ఖర్చు వేరే లెవెల్. సీఏ పూర్తి చేసినవాళ్లకి ఒక మంచి మాట. 2021లో యూజీసీ సీఏని పీజీతో సమానంగా గుర్తించింది. పీహెచ్‌డీకి వెళ్లాలనుకుంటే దారి ఉంది.

అమెరికా మాస్టర్స్ ఇన్ అకౌంటింగ్ ఎందుకు పుట్టిందో తెలిస్తే మీ లెక్క మీరే వేసుకోగలరు. అక్కడ సీపీఏ లైసెన్సుకి చాలా రాష్ట్రాలు 150 క్రెడిట్ అవర్లు అడుగుతూ వచ్చాయి. నాలుగేళ్ల డిగ్రీకి వచ్చేవి 120. మిగతా 30 కోసం ఏడాది మాస్టర్స్ పెట్టారు. మన మూడేళ్ల బీకామ్‌ని మామూలుగా 90గా లెక్కేస్తారు. అందుకే మనవాళ్లకి ఎంకామ్ అంత పనికొస్తుంది. ఇప్పుడు ఆ 150 రూల్‌ని కొన్ని రాష్ట్రాలు సడలిస్తున్నాయి, ఒహాయో 2025లో చట్టం మార్చింది. కాబట్టి 30 క్రెడిట్ల కోసమే లక్షలు అప్పు చేసేముందు, మీరు లైసెన్సు తీసుకోవాలనుకునే రాష్ట్రం రూల్ ఇవాళ్టిది చదవండి. ఇంకోటి, సీపీఏ పరీక్ష 2020 నుంచి ఇండియాలోనే రాయొచ్చు, హైదరాబాద్‌లో సెంటరుంది. హైటెక్ సిటీలో, గచ్చిబౌలిలో పెద్ద ఆడిట్ సంస్థల ఆఫీసుల్లో అమెరికా కంపెనీల ట్యాక్స్, ఆడిట్ పని రోజూ నడుస్తోంది. అమెరికా వెళ్లకుండానే అమెరికా లెక్కలు రాసేవాళ్లు మన మెట్రోలో మీ పక్కనే నిలబడి ఉంటారు.

డబ్బు చూపించడం గురించి. లేనివాళ్లకి ఇది అన్యాయమే. ధనవంతుడి కొడుక్కి ఒక్క కాగితం, గుమాస్తా కొడుక్కి నెల రోజుల నాటకం. నేను ఒప్పుకుంటాను. కానీ నాటకం కాకుండా కూడా దారులున్నాయి. బ్యాంకు ఇచ్చే ఎడ్యుకేషన్ లోన్ శాంక్షన్ లెటర్‌ని యూనివర్సిటీలు ఒప్పుకుంటాయి. బాబాయో మేనమామో నిజంగా భరిస్తానంటే స్పాన్సర్ అఫిడవిట్ ఇవ్వొచ్చు. అసిస్టెంట్‌షిప్ వస్తే చూపించాల్సిన మొత్తం తగ్గుతుంది. రాకపోతే, ఒక ఏడాది ఆగడం కూడా ఒక దారే. ఆ మాట ఎవరూ చెప్పరు, ఎందుకంటే దాని మీద ఎవరికీ కమిషన్ రాదు.

నేను ఆగాను. అమెరికా వెళ్లలేదు. ధైర్యం అనుకోకండి. సగం నాన్న మాట, సగం భయం. ఆ ఎండాకాలం ఉస్మానియా ఎంట్రెన్స్ రాశాను, ఎంకామ్ సీటొచ్చింది. రూమ్మేట్ డల్లాస్ నుంచి మంచు ఫొటోలు పంపినప్పుడల్లా కడుపు మండేది. అది కూడా నిజమే.

ఎంకామ్ అయ్యాక ఒక చిన్న ఆడిట్ ఆఫీసులో చేరాను. మొదటి రోజు మా సార్ ఇచ్చిన పని ఏంటో తెలుసా? ఒక కంపెనీ ఖాతాలున్న బ్యాంకులకి కన్ఫర్మేషన్ ఉత్తరాలు పంపడం. కంపెనీ అకౌంటెంట్ పెద్దమనిషి, "ఇటివ్వు బాబూ, మా అటెండర్ బ్యాంకు వైపే వెళ్తున్నాడు, ఇచ్చేస్తాడు" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడనుకుంటాను. నేను, "వద్దు సార్, నేనే వెళ్తాను" అన్నాను. జూన్ ఎండలో రెండు బస్సులు మారి వెళ్లాను. ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేసి చెబితే, "మరి జవాబు ఎవరి చేతికి వస్తుంది?" అని అడిగారు. పది చదవని మనిషి. ఏ ప్రశ్న అడగాలో అదే అడిగారు.

నాన్న ఇప్పుడు లేరు. ఆయన చివరి చిట్టా పుస్తకం నా దగ్గరుంది. ఆఖరి పేజీలో కూడా నిల్వ తేలింది.

కాబట్టి ఫ్రెండ్స్, మీరు అప్లికేషన్ పోర్టల్‌లో సబ్మిట్ నొక్కేముందు ఒక పని చేయండి. ఫైల్లో ఉన్న ప్రతి కాగితాన్నీ తీసి ఒకటే అడగండి. యూనివర్సిటీ వాళ్లు ఈ కాగితం మీదున్న పేరుకి, ఆ బ్యాంకుకి, ఆ ఆఫీసుకి, ఆ ప్రొఫెసర్‌కి, నన్ను దాటేసి నేరుగా ఉత్తరం రాస్తే, ఏ జవాబు వస్తుంది? ఆ జవాబు ఊహించుకుంటే గుండె దడ రాని కాగితాలు మాత్రమే అప్‌లోడ్ చేయండి. అకౌంటింగ్‌లో మీ మొదటి ఆడిట్ అదే. చేసేదీ మీరే, చేయించుకునేదీ మీరే.

వచ్చే ఎపిసోడ్‌లో సైబర్ టవర్స్ కట్టకముందు మాదాపూర్ ఎలా ఉండేదో మాట్లాడుకుందాం. అప్పటిదాకా, ఉంటాను. నమస్తే.